పదవి ఒకరిది, హక్కు అందరిది: అర్జెంటీనా అధ్యక్షుడు కార్లోస్ మెనెమ్ జీవితం



మైనారిటీల రాజకీయ ప్రాతినిధ్యం గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్ము కోరారు. ఈ అంశంపై మన సభలలో సాధారణంగా లెక్కలు వినిపిస్తాయి. శాసనసభలో మనవారు ఎందరు, మంత్రివర్గంలో ఎందరు, పార్లమెంటులో ఎందరు అని అడుగుతాము. అడగవలసినదే. జనాభాలో ఉన్న సముదాయం చట్టసభలో కనిపించకపోతే అది ప్రజాస్వామ్యానికి లోపమే. అయితే ఈ లెక్కల వెనుక మరొక ప్రశ్న ఉన్నది. మనవారిలో ఒకరు దేశంలోకెల్లా ఉన్నతమైన పదవిని అందుకొంటే సముదాయానికి నిజంగా లభించేదేమిటి? ఆ పదవి వరకు వెళ్లే దారిలో ఆ వ్యక్తి వదులుకోవలసి వచ్చేదేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి మేము చాలా దూరపు దేశాన్ని ఎంచుకొన్నాము. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో 1989 నుండి 1999 వరకు కార్లోస్ సౌల్ మెనెమ్ అనే ఆయన అధ్యక్షుడుగా ఉన్నారు. ఆయన తల్లిదండ్రులు సిరియా నుండి వలస వచ్చిన ముస్లింలు. ఆయన మాత్రం కాథలిక్ క్రైస్తవుడుగా ప్రమాణం చేసి పదవిని స్వీకరించారు. కాథలిక్కు కానివారు అధ్యక్షులు కారాదని ఆ దేశ రాజ్యాంగం అప్పటికి శాసిస్తూ ఉండేది. ఆయన పాలనాకాలంలోనే ఆ నిబంధన రాజ్యాంగం నుండి తొలగిపోయింది. ఈ మూడు వాస్తవాలను పక్కపక్కన ఉంచి చూస్తే మనకు నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

వలస వచ్చినవారు

పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలోను, ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలోను సిరియా, లెబనాన్ ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు దక్షిణ అమెరికాకు తరలివెళ్లాయి. అప్పటికి ఆ ప్రాంతాలు ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. వారి చేతిలో ఉన్నవి ఉస్మానియా పత్రాలు కనుక, అరబ్బులైనప్పటికీ స్థానికులు వారిని తురుష్కులు అన్నారు. స్పానిష్‌లో 'తుర్కో' అనే ఆ మాట వారి బిడ్డలకు, బిడ్డల బిడ్డలకు కూడా అంటుకొన్నది. మెనెమ్ అధ్యక్షుడైన తరువాత సైతం మిత్రులు ముద్దుగా, ప్రత్యర్థులు ఎగతాళిగా ఆయనను ఆ పేరుతోనే పిలిచేవారు. పుట్టిన దేశంలోనే పరాయి పేరు మోయడం ఎట్లుంటుందో మన శ్రోతలకు వేరుగా వివరించనక్కరలేదు.

ఇట్లా వలస వచ్చిన అరబ్బులలో అధికులు క్రైస్తవులు, కొందరు ముస్లింలు. మెనెమ్ తండ్రి సౌల్ మెనెమ్, తల్లి మొహిబే అకిల్, ఇరువురూ సిరియాలోని యబ్రూద్ పట్టణానికి చెందినవారు. అర్జెంటీనా వాయవ్యాన ఆండీస్ పర్వతాల చెంత లా రియోహా అనే బీద రాష్ట్రం ఉన్నది. సౌల్ మెనెమ్ అక్కడ ఊరూరా తిరిగి సరుకులు అమ్మారు. క్రమంగా వ్యాపారంలో నిలదొక్కుకొని ద్రాక్షసారాయి తయారీలోకి ప్రవేశించారు. ఆ రాష్ట్రంలోని అనిల్యాకో గ్రామంలో 1930 జూలై 2న కార్లోస్ జన్మించారు. కోర్డోబా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1955లో పట్టా పొందారు.

రాజ్యాంగంలోని షరతు

అర్జెంటీనా రాజ్యాంగం 1853 నాటిది. దేశంలో నివసించే ప్రతి ఒక్కరికీ తమ మతాన్ని స్వేచ్ఛగా ఆచరించే హక్కు ఉన్నదని 14వ అధికరణం చెబుతుంది. చట్టం ముందు అందరూ సమానులనీ, ఉద్యోగాలకు యోగ్యత తప్ప మరొక షరతు ఉండరాదనీ 16వ అధికరణం చెబుతుంది. ఈ రెండింటిని చదివినవారు ఎంత ఉదారమైన రాజ్యాంగమోనని మెచ్చుకొంటారు. మరికొన్ని పుటలు తిప్పితే 76వ అధికరణం ఎదురయ్యేది. అధ్యక్షుడుగాని ఉపాధ్యక్షుడుగాని కావాలంటే రోమన్ కాథలిక్ సంఘానికి చెందినవారై ఉండాలని అందులో వ్రాసి ఉండేది. ఆదివాసులను కాథలిక్ మతంలోకి మార్చే కృషిని ప్రోత్సహించడం పార్లమెంటు విధులలో ఒకటిగా మరొక అధికరణంలో ఉండేది.

అంటే, ఒక పుటలో అందరూ సమానులే. మరొక పుటలో ఒక తలుపు కొందరికి మాత్రమే. యూదుడు, ముస్లిం, ప్రొటెస్టెంట్, ఏ మతమూ లేనివాడు పన్నులు కట్టవచ్చు, సైన్యంలో చేరి ప్రాణమీయవచ్చు, ఓటు వేయవచ్చు. ఆ దేశాన్ని ఏలేందుకు మాత్రం తగడు. ఈ స్థితి నూట నలభై ఏళ్లకు పైగా కొనసాగింది.

మెనెమ్ కాథలిక్ మతాన్ని స్వీకరించారు. అది పదవి కోసమేనని చాలామంది అన్నారు. మనిషి హృదయంలో ఉన్నది ఆయనకు, అల్లాహ్‌కు తెలుసు. దానిపై తీర్పు చెప్పే అధికారం మాకు లేదు, ఆ కుతూహలమూ లేదు. మనం తీర్పు చెప్పవలసినది చట్టం గురించి. పదవికి మతాన్ని షరతుగా పెట్టిన చట్టం మతం మార్చుకొన్నవానిని శంకకు గురిచేస్తుంది, మార్చుకోనివానిని వెలుపల నిలబెడుతుంది. ఆ విధంగా అది ఇరువురినీ అవమానిస్తుంది. కాథలిక్కుగా పుట్టినవాని విశ్వాసాన్ని మాత్రం ఎవరూ పరీక్షించరు.

ఆయన కుటుంబ జీవితం ఈ సంక్లిష్టతకు అద్దం పడుతుంది. 1964లో సిరియా వెళ్లినప్పుడు జులేమా యోమాతో ఆయనకు పరిచయమైంది. ఆమె కూడా లా రియోహాలో పుట్టిన సిరియా సంతతి ముస్లిం. 1966లో వారి నికాహ్ ఇస్లామీయ పద్ధతిలో జరిగింది. ఆమె తన ధర్మాన్ని విడువలేదు. భర్త అధ్యక్షుడైనప్పుడు ఆమె అర్జెంటీనా ప్రథమ మహిళ అయ్యారు. ప్రథమ మహిళకు మతం షరతు లేదు. 1991లో వారు విడిపోయారు.

కారాగారం నుండి అధ్యక్ష భవనానికి

మెనెమ్ తన యౌవనంలోనే హువాన్ పెరోన్ స్థాపించిన ఉద్యమంలో చేరారు. కార్మికులు, బీదలు ఆ ఉద్యమానికి పట్టుగొమ్మలు. 1955లో సైన్యం పెరోన్‌ను గద్దె దించిన తరువాత మెనెమ్ కొంతకాలం జైలు అనుభవించారు. 1973లో లా రియోహా గవర్నరుగా ఎన్నికయ్యారు. 1976 మార్చి 24న సైన్యం మళ్లీ అధికారాన్ని చేజిక్కించుకొన్న వెంటనే ఆయనను నిర్బంధించింది. మొదట బ్యూనస్ ఎయిర్స్ రేవులోని ఒక ఓడలో, తరువాత మగ్దలేనా కారాగారంలో బంధించింది. 1978లో జైలు నుండి విడిచినా, ప్రభుత్వం చెప్పిన ఊళ్లలోనే ఉండాలని ఆంక్ష విధించింది. 1981లో గాని పూర్తి స్వేచ్ఛ రాలేదు. ఆయన జైలులో ఉండగా తల్లి మరణించారు. అంత్యక్రియలకు పోనివ్వమని అడిగితే సైనిక పాలకుడు విదేలా నిరాకరించాడు. ఈ సంగతిని జ్ఞాపకం పెట్టుకోవలసిందిగా మా మనవి. మళ్లీ దీని వద్దకు వస్తాము.

1983లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది. మెనెమ్ మరల గవర్నరయ్యారు. 1988లో పార్టీ అంతర్గత ఎన్నికలో అప్పటి అగ్రనాయకుడు అంటోనియో కఫియేరోను ఓడించి అధ్యక్ష అభ్యర్థి అయ్యారు. అప్పుడు దేశం ఆర్థికంగా కుప్పకూలి ఉన్నది. 1989లో ధరల పెరుగుదల ఏడాదికి 3,000 శాతం దాటింది. ఉదయం ఉన్న ధర సాయంత్రానికి ఉండేది కాదు. ఆకలితో జనం దుకాణాలపై పడ్డారు. జీతాలు గణనీయంగా పెంచుతామని, ఉత్పత్తిలో విప్లవం తెస్తామని మెనెమ్ వాగ్దానం చేశారు. 1989 మే 14న గెలిచారు. పదవిలో ఉన్న రౌల్ అల్ఫోన్సిన్ గడువుకు అయిదు నెలల ముందే తప్పుకోగా జూలై 8న ఆయన బాధ్యతలు స్వీకరించారు.

సరుకులు మోసి అమ్మిన వలస ముస్లిం కుమారుడు, వెనుకబడిన రాష్ట్రపు గవర్నరు, సైనిక జైలును అనుభవించినవాడు. ఇటువంటివాడు గద్దెనెక్కితే బీదలకు, బాధితులకు, మైనారిటీలకు మంచిరోజులు వస్తాయని ఎవరైనా ఆశిస్తారు. జరిగినదేమిటో చూద్దాము.

పదేళ్ల పాలన

వాగ్దానాలకు విరుద్ధమైన బాటను ఆయన ఎన్నుకొన్నారు. టెలిఫోన్లు, విమాన సంస్థ, రైల్వేలు, చమురు సంస్థ ఒకదాని వెనుక ఒకటి ప్రైవేటు చేతులకు వెళ్లాయి. అనేక మార్గాలలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయి, రైలునే నమ్ముకొన్న పట్టణాలు వెలవెలబోయాయి. 1991లో ఆర్థికమంత్రి డొమింగో కవాల్యో దేశ నాణేన్ని అమెరికా డాలరుకు సమానంగా కట్టివేస్తూ చట్టం తెచ్చారు. ధరలు అదుపులోకి వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. ధరల మంటలో ముందు కాలేది బీదవాని జీతమే. 1995లో ప్రజలు ఆయనను తిరిగి గెలిపించడానికి ఇదే ముఖ్య కారణం. కాని ఆ ఏడాది మే నాటికి నిరుద్యోగం 18 శాతం మించింది. ఆయన దిగిపోయిన రెండేళ్లకు, 2001 డిసెంబరులో, ఆ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. డాలరుకు కట్టిన ముడి 2002 జనవరిలో తెగిపోయింది. పొదుపు సొమ్ము బ్యాంకులలో చిక్కుకొని మధ్యతరగతి సైతం వీధినపడింది.

న్యాయం విషయంలో చరిత్ర మరింత బాధాకరం. 1990లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను అయిదు నుండి తొమ్మిదికి పెంచి, తనకు అనుకూలమైన మెజారిటీ ఏర్పరచుకొన్నారన్న నింద ఆయనపై నిలిచిపోయింది. సైనిక పాలనలో వేలాది పౌరులు మాయమయ్యారు. ప్రభుత్వ విచారణ సంఘమే 9,000 మందికి సమీపంగా పేర్లు నమోదు చేసింది. హక్కుల సంఘాలు 30,000 అంటాయి. బిడ్డల ఛాయాచిత్రాలు పట్టుకొని తల్లులు బ్యూనస్ ఎయిర్స్ కూడలిలో వారం వారం నడిచారు. అల్ఫోన్సిన్ కాలంలో విచారణ జరిగి విదేలాకు యావజ్జీవ శిక్ష పడింది. మెనెమ్ 1989లోను, 1990లోను జారీచేసిన క్షమాభిక్షలతో విదేలా, ఇతర సైనికాధికారులు, వారితోపాటు సాయుధ వామపక్ష నాయకులు విడుదలయ్యారు. జాతి గాయాలు మానడానికని ఆయన చెప్పుకొన్నారు.

తన తల్లి జనాజాకు వెళ్లనీయని వ్యక్తినే ఆయన క్షమించారు. తనకు జరిగిన అన్యాయాన్ని క్షమించడం ఉదాత్త గుణమే. మన ధర్మమూ దానిని మెచ్చుకొంటుంది. అయితే ఇతరుల బిడ్డలను చంపినవానిని వారి తల్లుల తరఫున క్షమించే అధికారం ఎవరిచ్చారు? క్షమించే హక్కు బాధితునిది, పాలకునిది కాదు. ఆ తల్లులు అంగీకరించలేదు, వెనుదీయలేదు. 2007లో అర్జెంటీనా సుప్రీంకోర్టు ఆ క్షమాభిక్షలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. విదేలా తిరిగి శిక్షపడి 2013లో జైలులోనే మరణించాడు.

మరొక గాయం ఆ దేశపు యూదులది. లాటిన్ అమెరికాలో అతి పెద్ద యూదు సముదాయం అర్జెంటీనాలోనే ఉన్నది. 1992 మార్చి 17న బ్యూనస్ ఎయిర్స్‌లోని ఇజ్రాయెల్ రాయబార కార్యాలయంపై, 1994 జూలై 18న యూదుల పరస్పర సహాయ సంఘ భవనంపై బాంబు దాడులు జరిగాయి. రెండవదానిలో 85 మంది మరణించారు. దర్యాప్తు అడ్డదారులు తొక్కింది. దర్యాప్తు జరిపిన న్యాయమూర్తే ఒక నిందితునికి సొమ్ము ముట్టజెప్పినట్లు తేలి, 2019లో ఆయనకు శిక్ష పడింది. దర్యాప్తును తప్పుదారి పట్టించారన్న అభియోగం మెనెమ్‌పై కూడా వచ్చింది. ఆ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. కాని మృతుల కుటుంబాలకు దశాబ్దాలు గడిచినా పూర్తి న్యాయం దొరకలేదు.

ఈ విషయాన్ని మన సభలో ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామో వివరించాలి. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిద్‌లో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. తొలుత మన యువకులనే అనుమానించి పట్టుకొన్నారు. తరువాత వేరే వారిపై కేసు నడిచి, 2018లో విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. మరి చంపినదెవరు? ఈ ప్రశ్నను మోస్తున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. అందువల్ల బ్యూనస్ ఎయిర్స్‌లోని యూదు తల్లి అడిగే ప్రశ్న మనకు పరాయిది కాదు. మైనారిటీ హక్కు అన్నది మన ఒక్కరికే వర్తించే మాట అయితే అది హక్కు కాదు, పక్షపాతం అవుతుంది.

1994 రాజ్యాంగ సవరణ

ఇక ఆ షరతు ఎట్లా తొలగిపోయిందో చూద్దాము. పాత రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుని పదవీకాలం ఆరేళ్లు, వెంటనే మరల పోటీ చేసే వీలు లేదు. మెనెమ్‌కు మరల పోటీ చేయాలని ఉండినది. ప్రతిపక్ష నాయకుడైన అల్ఫోన్సిన్‌కు అధ్యక్షుని అధికారాలకు హద్దులు గీయాలని ఉండినది. 1993 నవంబరులో ఇరువురూ ఒలీవోస్‌లోని అధ్యక్ష నివాసంలో ఒప్పందానికి వచ్చారు. పదవీకాలం నాలుగేళ్లకు తగ్గించి ఒకసారి తిరిగి ఎన్నికయ్యే వీలు కల్పించడం, ప్రజలే నేరుగా అధ్యక్షుని ఎన్నుకోవడం వంటివి అందులో కుదిరాయి. అధ్యక్షుడు కాథలిక్కు అయి తీరాలన్న షరతు తొలగించడమూ ఆ ఒప్పందంలో భాగమైంది.

1994లో సాంతా ఫే నగరంలో రాజ్యాంగ సభ సమావేశమైంది. దానికి అధ్యక్షత వహించినది మెనెమ్ సోదరుడు ఎదువార్దో మెనెమ్. యబ్రూద్ నుండి వలస వచ్చిన ముస్లిం దంపతుల ఒక కుమారుడు మతం షరతు కింద దేశాధ్యక్షుడు కాగా, మరొక కుమారుడు అధ్యక్షత వహించిన సభ ఆ షరతును కొట్టివేసింది. ఆ ఆగస్టులో అమలులోకి వచ్చిన కొత్త పాఠం ప్రకారం అధ్యక్షుడు తన మత విశ్వాసాలకు అనుగుణంగా ప్రమాణం చేయవచ్చు. ఆదివాసులను మతం మార్చాలన్న మాట పోయి, వారు ఆ నేలపై రాజ్యం కన్నా ముందు నుండి ఉన్న ప్రజలని గుర్తిస్తూ, వారి భూములకు, ద్విభాషా విద్యకు హామీ ఇచ్చే అధికరణం వచ్చింది. అంతర్జాతీయ మానవ హక్కుల ఒప్పందాలకు రాజ్యాంగ స్థాయి లభించింది.

ఈ మార్పు అసంపూర్ణమని కూడా చెప్పాలి. ప్రభుత్వం కాథలిక్ మతాన్ని పోషిస్తుందనే 2వ అధికరణం నేటికీ అట్లే ఉన్నది. ఐరోపా నుండి వలసలను ప్రోత్సహించాలన్న 25వ అధికరణమూ కదలలేదు. సమానత్వం మెట్టు మెట్టుగా వస్తుంది. ఒక మెట్టు ఎక్కినంతనే మేడ ఎక్కినట్లు భావించరాదు.

ఈ సవరణ మెనెమ్ సముదాయ ప్రేమ వలన వచ్చినది కాదు. మరొకసారి పోటీ చేయాలన్న కోరికతో కుదిరిన బేరంలో అది ఒక అంశం. అయినప్పటికీ దాని విలువ తగ్గదు. బేరం చేసినవారిలో ఒకరు 2009లో, మరొకరు 2021లో మరణించారు. అధికరణం నిలిచి ఉన్నది. నేడు అర్జెంటీనాలో పుట్టే ముస్లిం బిడ్డ, యూదు బిడ్డ, ఏ మతమూ లేని ఇంటి బిడ్డ అధ్యక్ష పదవికి కలగనవచ్చు. దానికోసం తన తల్లిదండ్రుల విశ్వాసాన్ని ఇంటి గడప వద్ద విడిచి రానక్కరలేదు.

దీనితో మరొక విషయాన్ని పోల్చండి. మెనెమ్ పాలనలోనే బ్యూనస్ ఎయిర్స్‌లోని పలెర్మో ప్రాంతంలో మూడు హెక్టార్లకు పైగా ప్రభుత్వ భూమి ఇస్లామీయ కేంద్రానికి లభించింది. సౌదీ అరేబియా నిధులతో విశాలమైన మస్జిద్, పాఠశాల నిర్మించారు. 2000లో అది ప్రారంభమైంది. అక్కడి ముస్లింలకు అది సంతోషకరమే. అయితే భూమి పాలకుని దయ వలన వచ్చినది. దయ అన్నది పాలకుడు మారితే మారవచ్చు. ఆ దానం వద్ద ఛాయాచిత్రాలు ఎక్కువ, అధికరణం వద్ద తక్కువ. సముదాయాలు సామాన్యంగా మొదటిదానినే గుర్తుంచుకొంటాయి.

1991లో వచ్చిన మరొక చట్టాన్నీ ప్రస్తావించాలి. పార్లమెంటు ఎన్నికలలో ప్రతి పార్టీ జాబితాలో కనీసం 30 శాతం స్త్రీలు, అదీ గెలిచే వీలున్న స్థానాలలో ఉండాలని ఆ చట్టం ఆదేశించింది. పార్టీల మంచితనంపై వదలకుండా చట్టం ద్వారా సాధించిన ప్రాతినిధ్యం అది. ఆ తరువాత లాటిన్ అమెరికాలోని అనేక దేశాలు ఆ దారిని అనుసరించాయి.

చివరి దశ

1999 డిసెంబరు 10న మెనెమ్ పదవి నుండి దిగిపోయారు. క్రొయేషియాకు, ఈక్వెడార్‌కు చట్టవిరుద్ధంగా ఆయుధాలు పంపారన్న కేసులో 2001లో కొన్ని నెలలు గృహనిర్బంధంలో ఉన్నారు. 2003లో మళ్లీ పోటీ చేసి తొలి విడతలో మొదటి స్థానం పొందినా, రెండవ విడతలో ఓటమి తప్పదని గ్రహించి తప్పుకొన్నారు. నెస్టర్ కిర్చ్‌నర్ అధ్యక్షుడయ్యారు. ఆయుధాల కేసులో 2013లో మెనెమ్‌కు ఏడేళ్ల శిక్ష పడింది. 2005 నుండి సెనేట్ సభ్యుడు కావడంతో జైలుకు వెళ్లలేదు. విచారణ మితిమీరి సాగిందన్న కారణంతో 2018లో పై కోర్టు ఆ శిక్షను రద్దుచేసింది.

2021 ఫిబ్రవరి 14న, 90 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 1995లో హెలికాప్టరు కూలి మరణించిన కుమారుని పక్కనే, బ్యూనస్ ఎయిర్స్ శివార్లలోని సాన్ హుస్తో ఇస్లామీయ ఖబరస్తాన్‌లో ఆయనను ఖననం చేశారు. కాథలిక్కుగా పాలించినవాడు ముస్లిం ఖబరస్తాన్‌లో నిద్రిస్తున్నాడు. ఈ విషయాన్ని విజయంగా చాటుకోనక్కరలేదు, ఆక్షేపించనూ అక్కరలేదు. ఒక్క మాట మాత్రం నిజం. పుట్టుకతో వచ్చిన బంధాన్ని చట్టంలోని ఒక వాక్యం తుడిచివేయలేకపోయింది.

మనము నేర్చుకోవలసినది

మన రాజ్యాంగం ఈ విషయంలో మొదటి నుండి మెరుగైనది. 58వ అధికరణం రాష్ట్రపతి కావడానికి పౌరసత్వం, 35 ఏళ్ల వయసు వంటి అర్హతలనే చెబుతుంది, మతాన్ని అడగదు. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1967లో తన పేరుతో, తన విశ్వాసంతో రాష్ట్రపతి అయ్యారు. తరువాత ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలామ్ ఆ పదవిని అలంకరించారు. ఇది మన దేశానికి గర్వకారణం. ఇదే దేశంలో ముస్లింల వెనుకబాటును 2006లో సచార్ కమిటీ వివరంగా లెక్కగట్టింది. ముగ్గురు రాష్ట్రపతులు అయినంత మాత్రాన సామాన్య ముస్లిం బిడ్డకు బడి, ఉద్యోగం, బ్యాంకు రుణం చేరువ కాలేదు. పదవి ఒక కిటికీ వంటిది. కిటికీలో ఒక ముఖం కనిపించినంతలో తలుపు తెరుచుకొన్నట్లు కాదు.

మన చట్టాలలోనూ మతం షరతు ఒకచోట మిగిలి ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. ముస్లింలు, క్రైస్తవులు నేటికీ వెలుపలే ఉన్నారు. మెహతర్ కులం మన రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నది. అదే పని చేసి అదే వివక్షను అనుభవించే ముస్లిం మెహతర్ మాత్రం వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నాడు. చీపురు ఒకటే, చులకన ఒకటే, హక్కు వేరు. ఈ షరతును తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. అర్జెంటీనాలో ఆ షరతు పెద్దవారి పదవికి ఉండేది. ఇక్కడ అది అట్టడుగువాని అన్నానికి ఉన్నది.

కనుక మా మనవి మూడు మాటలు. మొదటిది, మనవారిని చట్టసభలకు పంపుదాము. పంపిన తరువాత వారు ఏ దర్గాకు చాదర్ తెచ్చారు, ఏ ఇఫ్తారుకు వచ్చారు అని గాక, ఏ చట్టాన్ని మార్చడానికి నోరు విప్పారని అడుగుదాము. రెండవది, మనవాడని తప్పును కప్పిపుచ్చరాదు, పరాయివాడని మంచిని కాదనరాదు. మెనెమ్ చేసిన మేలును, కీడును ఒకే తక్కెడలో తూచినట్లే మన నాయకులను కూడా తూచాలి. మూడవది, అధికారంలో ఉన్నవారు తమ అవసరం కోసం మన వద్దకు వచ్చే వేళ ఒకటి ఉంటుంది. అల్ఫోన్సిన్ ఆ వేళను వ్యర్థం చేయక శాశ్వతమైన అధికరణాలు వ్రాయించుకొన్నారు. మన వద్దకు వచ్చినవారిని మనము షామియానాలు, షాదీఖానాలు అడిగి పంపివేస్తే అవకాశం జారిపోతుంది. 1950 ఉత్తర్వులోని షరతును తొలగిస్తామని వ్రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. ప్రతి జిల్లాలో, ప్రతి అభ్యర్థిని, ప్రతి ఎన్నికలో అడగాలి.